బోనులోని ప్రాణికి బాధ్యులెవరు?

1876వ సంవత్సరం జనవరిలో కలకత్తా నగరంలోని ఆలీపూర్‌లో జంతుప్రదర్శనశాల ప్రారంభమైంది. తొలి దినాలలోనే అందులో చిన్న ఉద్యోగిగా చేరిన రామబ్రహ్మ సన్యాల్, వైద్యవిద్యను పూర్తి చేయలేకపోయిన ఒక బెంగాలీ యువకుడు. జంతువుల పెంపకాన్ని గురించి ఆయనకు మార్గం చూపడానికి ఆనాడు మన దేశంలో ఏ గ్రంథమూ లేదు. అందువల్ల ఆయన జంతువులనే గురువులుగా చేసుకున్నాడు. ఏ ప్రాణి ఏమి తిన్నది, దేనిని ముట్టకుండా వదిలింది, ఏ ఋతువులో నీరసించింది, ఏ మందుకు కోలుకున్నది అన్న విషయాలను శ్రద్ధగా గమనించి వ్రాసిపెట్టాడు. 1889లో ఆ జంతుశాలలో ఒక సుమత్రా ఖడ్గమృగం పిల్లను ఈనింది. నిర్బంధంలో ఆ జాతి సంతానం కనడం నాటికి అత్యంత అపురూపమైన విషయం. 1892లో సన్యాల్ తన అనుభవసారాన్ని ఒక కరదీపికగా ఆంగ్లంలో ప్రకటించాడు. జంతుసంరక్షణ శాస్త్రంలో ప్రపంచమంతటా గౌరవం పొందిన తొలి గ్రంథాలలో అది ఒకటి.

ఈ వృత్తాంతం నుండి గ్రహించవలసిన నీతి ఒకటి ఉన్నది. జంతువులను ప్రేమించడం మంచిదే. కాని బోనులోని ప్రాణిని బ్రతికించేది ప్రేమ ఒక్కటే కాదు. ప్రతిదినమూ తప్పకుండా చేసే పరిశీలన, ఆ పరిశీలనను అనుసరించి చేసే సేవ దానిని బ్రతికిస్తాయి.

అడవిలో తిరిగే జంతువు తన అవసరాలను తానే తీర్చుకుంటుంది. ఎండ తీవ్రమైతే నీడకు పోతుంది. ఒక సెలయేరు ఎండితే మరొకదానిని వెదుక్కుంటుంది. ఆహారాన్నీ, తోడునూ, ఈనడానికి తగిన చోటునూ తానే ఎంచుకుంటుంది. దానిని ఒక ఆవరణలో ఉంచిన క్షణం నుండి ఈ స్వేచ్ఛ అంతా తొలగిపోతుంది. అప్పుడు ఆ పనులన్నీ మానవుని బాధ్యతలుగా మారుతాయి. జంతుప్రదర్శనశాల నిర్వహణలోని ధర్మమంతా ఈ ఒక్క సూత్రంలో ఇమిడి ఉన్నది.

వినోదం నుండి సంరక్షణకు

మన దేశంలో ఆధునిక జంతుశాలల చరిత్ర 1855లో మద్రాసులో ఎడ్వర్డ్ బాల్ఫర్ మ్యూజియం ఆవరణలో నెలకొల్పిన జంతుశాలతో ఆరంభమైనదని చెప్పవచ్చు. తర్వాత తిరువనంతపురంలో, కలకత్తాలో, మైసూరులో జంతుశాలలు వెలిశాయి. ఆ కాలంలో వాటి ముఖ్యోద్దేశం ప్రజలకు వింత మృగాలను చూపడమే. ఇరుకైన ఇనుప బోను, సిమెంటు నేల, ఎదుట గుమికూడిన జనం అన్నవి చిరకాలం జంతుశాలకు గుర్తులుగా నిలిచాయి.

స్వాతంత్ర్యానంతరం ఈ దృక్పథం క్రమంగా మారింది. 1963 అక్టోబరు 6న హైదరాబాదులో మీర్ ఆలం చెరువు ప్రక్కన ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఈ మార్పుకు చక్కని ఉదాహరణ. అక్కడ పెద్ద మృగాలకు ఇనుప చువ్వల బదులు లోతైన కందకాలతో కూడిన విశాలమైన ఆవరణలు ఏర్పరచారు. మద్రాసు జంతుశాల కూడా నగరమధ్యంలోని ఇరుకు తావును వీడి 1985లో వండలూరు అటవీప్రాంతానికి తరలిపోయింది.

అయితే విశాలమైన ఆవరణ ఒక్కటే చాలదు. చేయడానికి పనిలేని జంతువు ఒకే దారిలో గంటల తరబడి ముందుకూ వెనుకకూ నడుస్తుంది. తల అదేపనిగా ఊపుతుంది. తన వెంట్రుకలనో ఈకలనో తానే పీక్కుంటుంది. చూపరులకు ఇది వేడుకగా కనిపించవచ్చు గాని, ఎరిగినవారికి ఇది మనోవ్యథ లక్షణం. అందువల్ల నేటి సంరక్షకులు ఆహారాన్ని ఒకచోట కుప్పగా పోయకుండా దుంగల సందులలో దాచి ఉంచుతారు. ఎలుగుబంటికి తేనె పూసిన మొద్దును, కోతులకు ఊగడానికి త్రాళ్లను, పులికి ఈదడానికి నీటిగుంటను సమకూరుస్తారు. వెదకడం, ఎక్కడం, త్రవ్వడం, దాగడం అనేవి జంతువుకు ఆహారంతో సమానమైన అవసరాలు. జనం చూపు నుండి తప్పుకొని విశ్రమించడానికి చాటు ఉండడం కూడా అటువంటి అవసరమే.

శీతోష్ణస్థితిని గమనించడం మరొక ముఖ్యమైన విధి. వేసవి ఎండలలో దక్కన్ పీఠభూమిపైగల జంతుశాలలు నీటి తుంపరలు, తడిపిన తడికలు, పంకాలు అమర్చి జంతువులను కాపాడుకోవలసి ఉంటుంది. ఎంత యత్నించినా కొన్ని జాతులు మైదానాలలో మనలేవు. హిమాలయ ప్రాణులైన ఎర్ర పాండానూ, మంచు చిరుతనూ సుమారు 7,000 అడుగుల ఎత్తునగల డార్జిలింగ్ జంతుశాలలో పెంచుతున్నది అందుకే. ప్రతి జంతుశాల అన్ని జంతువులనూ ప్రదర్శించాలని ఆశించడం కంటే, తన గాలికీ నీటికీ ఇమిడే ప్రాణులను చక్కగా పోషించడం మేలు.

ఆహారం: రుచి కాదు, శాస్త్రం

తెల్లవారకముందే జంతుశాల వంటశాలలో పని మొదలవుతుంది. పండ్లు, కాయగూరలు కడిగి తరుగుతారు. మాంసాన్ని పరీక్షించి తూకం వేస్తారు. ఆకుమేతను గడ్డిమేత నుండి వేరుచేస్తారు. ఈ తూకాలలో పొరపాటు జరిగితే దాని ఫలితం కొన్ని నెలల తర్వాత జంతువు ఎముకలలో కనిపిస్తుంది. పులి కూనకు మెత్తని కండ మాత్రమే పెడితే దాని ఎముకలు వంగిపోతాయి. కండలో భాస్వరం అధికం, సున్నపు ధాతువు స్వల్పం కావడమే ఇందుకు హేతువు. అడవిలో తల్లి తెచ్చిన వేటను ఎముకలతో కూడా కొరికే కూనకు ఈ లోపం రాదు.

కోతుల శరీరం మానవ శరీరం వలెనే సి విటమిన్‌ను స్వయంగా తయారుచేసుకోలేదు. కనుక తాజా పండ్లు, ఆకులు వాటికి తప్పనిసరి. కాని ఆకులను ప్రధానాహారంగా గ్రహించే కొండముచ్చుకు తీపి పండ్లు మితిమీరి పెడితే జీర్ణకోశం చెడిపోతుంది. పులికాట్ సరస్సుకు వలస వచ్చే ఫ్లెమింగో పక్షుల ఎరుపుదనం అవి తినే సూక్ష్మజీవులలోని వర్ణద్రవ్యం వల్ల కలిగినది. జంతుశాలలో ఆ ద్రవ్యం ఆహారంలో లోపిస్తే ఈకలు వెలవెలబోతాయి. పులులు, సింహాలు అడవిలో ప్రతిదినమూ వేటాడవు. అందుచేతనే అనేక జంతుశాలలు వాటికి వారంలో ఒకనాడు ఉపవాసం పాటిస్తున్నాయి.

ఇట్టి లెక్కలన్నింటిని తలక్రిందులు చేసేది సందర్శకుని ఉచితదానం. జాలితో విసిరిన బిస్కెట్టు, వేరుసెనగ పొట్లం, దానితోపాటు ఆవరణలో పడే ప్లాస్టిక్ సంచీ జింకల కడుపులో చేరి వాటి ప్రాణాలు తీస్తాయి. అరగని ప్లాస్టిక్ ముద్దగా పేరుకొని ఆహారమార్గాన్ని మూసివేస్తుంది. ఆకలితో కాక, జాలి కారణంగా చచ్చిన జంతువుల దురవస్థ జంతువైద్యులకు సుపరిచితమే.

రోగం రాకముందే మేలుకొనడం

వన్యమృగం తన జబ్బును వీలైనంతవరకు దాచుకుంటుంది. అడవిలో నీరసం బయటపడితే శత్రువుకు చిక్కవలసి వస్తుంది గనుక ఇది దాని సహజగుణం. అందువల్ల రోగలక్షణం వైద్యునికి కనిపించే నాటికి వ్యాధి ముదిరి ఉంటుంది. దీనిని ముందుగా పసికట్టగలవాడు జంతుపాలకుడు ఒక్కడే. ప్రతి ఉదయమూ తలుపు వద్దకు పరుగెత్తి వచ్చే చిరుత ఈనాడు ఎందుకు ఆలస్యం చేసింది, నిన్నటి మాంసంలో కొంత ఎందుకు మిగిల్చింది, పేడ రంగు ఎందుకు మారింది అని గమనించే ఆ సామాన్య ఉద్యోగి జంతుశాలకు మొదటి వైద్యుడు.

క్రొత్తగా వచ్చిన ప్రతి జంతువునూ కనీసం 30 దినాలు విడిగా ఉంచి పరీక్షించిన తర్వాతనే తక్కినవాటితో కలుపుతారు. రక్తం తీయడానికీ, సూది వేయడానికీ పూర్వం ప్రతిసారీ మత్తుమందు ఇచ్చేవారు. మత్తు అన్నది ఎప్పుడూ ప్రమాదంతో కూడినదే. నేడు కొన్ని జంతుశాలలలో పులి తనంతట తానే చువ్వల దగ్గర పడుకొని తోక అందించేటట్లు మాంసపు ముక్కల బహుమానంతో నేర్పుతున్నారు. బలప్రయోగం లేని ఈ పద్ధతికి కావలసినది నెలల తరబడి ఓర్పు.

జాగ్రత్త లోపించినప్పుడు, లేక వ్యాధి మానవుని జాగ్రత్తను మించినప్పుడు జరిగే నష్టం ఎంతటిదో 2000వ సంవత్సరం జులైలో ఒడిశాలోని నందన్‌కానన్‌లో స్పష్టమైంది. ఈగల కాటు వలన వ్యాపించే ట్రిపనోసోమా అనే సూక్ష్మపరాన్నజీవి సోకి కొద్ది దినాలలో 12 పులులు మరణించాయి. ఆ విషాదం దేశంలోని జంతుశాలలన్నింటికీ పాఠమయింది. రక్తపరీక్షలు, ఈగల నివారణ, పరిసరాల పారిశుధ్యం ఎంత అవసరమో అందరూ గుర్తించవలసి వచ్చింది.

2021 మే నెలలో హైదరాబాదు జంతుశాలలోని 8 ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు అదే నగరంలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం పరీక్షలలో తేలింది. అవి కోలుకున్నాయి. మరుసటి నెలలో వండలూరులో వ్యాధి సోకిన సింహాలలో రెండు మరణించాయి. మానవుల మధ్య వ్యాపిస్తున్న వ్యాధి మృగరాజును కూడా విడిచిపెట్టలేదు. పాలకుని ఆరోగ్యమూ జంతువు ఆరోగ్యమూ వేరుకావని ఈ సంఘటన తెలియజేసింది.

ఒక్క జంతుశాల వలన కాని పని

ఆహారం, ఆవరణ, వైద్యం అన్నవి ఒక జంతుశాల తన ప్రాకారంలోపల సాధించుకోగలదు. కాని వంశాన్ని నిలపడం ఒంటరిగా సాధ్యం కాదు. 1951లో రీవా అడవిలో పట్టుబడిన మోహన్ అనే తెల్లపులిని దాని కూతురితోనే జతకలిపి 1958లో తెల్లని కూనలను పొందారు. ఆ వింతరంగు నిలుపుకోవడానికి దగ్గరి చుట్టరికంలోనే జతలు కలుపుతూ పోవడంతో మెల్లకన్ను మొదలైన లోపాలు ఆ వంశంలో పొడసూపాయి. మరొకచోట గిర్ సింహాలకూ, సర్కసుల నుండి వచ్చిన ఆఫ్రికా సంతతి సింహాలకూ సంకరం ఏర్పడింది. శుద్ధమైన ఆసియా సింహాల వంశం కలుషితం కాకుండా ఆ సంకరజాతి వృద్ధిని నిలిపివేయవలసి వచ్చింది. ఈ రెండు ఉదాహరణలూ చెప్పేది ఒకటే. పిల్లలు పుట్టడమే విజయం కాదు. ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టినదీ తెలియాలి.

అందుకే ముఖ్యమైన జాతులకు వంశావళి గ్రంథాలు సిద్ధమవుతున్నాయి. ఏ నగరంలోని మగజంతువు ఏ నగరంలోని ఆడజంతువుకు చుట్టరికం లేనిదో ఆ గ్రంథం తెలుపుతుంది. దాని ప్రకారం మైసూరు నుండి ఒక జంతువు ఢిల్లీకి, హైదరాబాదు నుండి మరొకటి కలకత్తాకు ప్రయాణం చేస్తుంది. ఈ రాకపోకలకు భాష అడ్డు కాదు. రాష్ట్రసరిహద్దు అడ్డు కాదు.

ఘరియల్ మొసలి కథ ఈ సహకారానికి దేశపు ఎల్లలు సైతం లేవని నిరూపిస్తుంది. 1970వ దశకం నాటికి నదులలో ఆ జాతి అంతరించే స్థితికి చేరుకోగా, 1975లో ప్రభుత్వం మొసళ్ల సంరక్షణ పథకాన్ని ఆరంభించింది. నందన్‌కానన్‌లో ఆడ మొసళ్లు ఉన్నా, తగిన మగ మొసలి కరవైంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జంతుశాల నుండి ఒక మగదానిని రప్పించారు. 1980లో నందన్‌కానన్‌లో పిల్లలు వెలువడ్డాయి. నిర్బంధంలో ఘరియల్ సంతానోత్పత్తి జరగడం ప్రపంచంలో అదే ప్రథమం.

మణిపూర్‌లోని కైబుల్ లామ్‌జావో చిత్తడినేలలకే పరిమితమైన సంగాయ్ జింకలు 1975 గణనలో 14 మాత్రమే కనిపించాయి. అంత చిన్న మందను ఒక అంటువ్యాధి, ఒక వరద తుడిచిపెట్టగలవు. ఢిల్లీ, కలకత్తా మొదలైన దూరనగరాల జంతుశాలలలో పెరుగుతున్న సంగాయ్‌లు ఆ ప్రమాదానికి ఒక రక్షణ. మణిపూర్ రాష్ట్రమృగాన్ని కాపాడే పనిలో ఇతర రాష్ట్రాల పాలకుల చేతులు కూడా కలిసి ఉన్నవి.

తిరిగి అడవికి

సంరక్షణకు పరమావధి, వీలైనచోట జంతువును దాని ఇంటికి పంపడమే. అస్సాంలోని మరుగుజ్జు అడవిపందులు భూమిపై మిగిలిన పందిజాతులలో అతి చిన్నవి. 1996లో మానస్ అడవిలో పట్టిన ఆరింటితో గౌహతి సమీపంలో సంతానవృద్ధి ఆరంభించి, 2008 నుండి వాటి సంతతిని సోనాయ్ రూపాయ్ మొదలైన గడ్డిమైదానాలలో విడుస్తున్నారు. 2003లో డార్జిలింగ్‌లో పుట్టిన రెండు ఎర్ర పాండాలు సింగలీలా వనానికి చేరాయి. హైదరాబాదు జంతుశాలలో 2010లో చేపట్టిన కృషి ఫలితంగా పెరిగిన మూషిక జింకలను 2017లో అమ్రాబాద్ అడవులలో వదిలారు. అడుగున్నర ఎత్తు కూడా లేని ఈ జింకలు ఒకనాడు నల్లమల అడవుల సొత్తు.

రాబందుల విషయంలో దక్షిణాసియా అంతా ఒక్కటిగా మేలుకొనవలసి వచ్చింది. పశువులకు వాడే డైక్లోఫినాక్ అనే నొప్పిమందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను ధ్వంసం చేస్తున్నదని తేలగా, 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ దేశాలు ఆ పశువైద్య ఔషధాన్ని నిషేధించాయి. హర్యానాలోని పింజోర్ కేంద్రంలో పెరిగే రాబందులకు పెట్టే మేకలను ముందుగా కొన్ని దినాలు కేంద్రంలోనే ఉంచుతారు. మందు ఛాయలేవైనా వాటి శరీరంలో ఉంటే పోవడానికే ఈ వ్యవధి. ఒక పక్షిని బ్రతికించడానికి దాని ఆహారానికి కూడా ఆరోగ్యం కూర్చవలసి ఉన్నది.

సంరక్షణకు లొంగని ప్రాణులు

కొన్ని ప్రాణుల అవసరాలను మానవుడు ఎంత శ్రమించినా తీర్చలేడు. దినానికి ఎన్నో మైళ్లు ఈదుతూ, తాను చేసే శబ్దపు ప్రతిధ్వని ఆధారంగా పరిసరాలను తెలుసుకునే డాల్ఫిన్‌కు సిమెంటు తొట్టె ఏ విధంగానూ సముద్రం కాజాలదు. 1990వ దశకంలో విదేశం నుండి చెన్నై సమీపంలోని ఒక వినోదకేంద్రానికి తెచ్చిన డాల్ఫిన్‌లు కొద్ది నెలలలోనే మరణించాయి. 2013 మే నెలలో కేంద్రప్రభుత్వం దేశంలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలను అనుమతించరాదని నిర్ణయించింది. గంగానదీ డాల్ఫిన్‌ను జాతీయ జలచరంగా ప్రకటించిన దేశానికి ఇది తగిన నిర్ణయమే. అదే దృష్టితో 2009లో జంతుశాలలలోని ఏనుగులను విశాలమైన శిబిరాలకు తరలించవలసిందిగా ఆదేశాలు వెలువడ్డాయి.

పోషించగలిగినదాన్ని పోషించడం ఎంత ధర్మమో, పోషించలేనిదాన్ని బంధించకుండడం కూడా అంతే ధర్మం.

చట్టమూ, చూపరీ

ఈ బాధ్యతలకు చట్టరూపం కల్పించడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించి, 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ గుర్తింపు లేనిదే ఏ జంతుశాలా నడవరాదు. దాని అనుమతి లేకుండా ముఖ్యమైన జంతువులను ఒకచోటి నుండి మరొకచోటికి మార్చరాదు. ప్రతి జంతువుకూ వివరాల పట్టిక ఉండాలి; వారానికి ఒకనాడు సందర్శకులకు సెలవు ఇవ్వాలి. సర్కసుల నుండి విడిపించిన సింహాలు, పులులు శేషజీవితం గడపడానికి తిరుపతి, విశాఖపట్నం మొదలైనచోట్ల ఆశ్రయకేంద్రాలు ఏర్పడ్డాయి. అక్కడి మృగాలను ప్రదర్శించరు, వాటి సంతతిని పెంచరు. మానవుని వినోదానికి యౌవనం ధారపోసిన ప్రాణులకు మానవుడు చెల్లిస్తున్న ఋణం అది.

జంతువులను వేధించడం, రాళ్లు రువ్వడం, వాటికి ఆహారం విసరడం శిక్షార్హమైన నేరాలని అదే చట్టం చెబుతున్నది. కాని చట్టం ప్రతి ఆవరణ వద్దా నిలబడి కాపలా కాయజాలదు. నిద్రిస్తున్న పులిని లేపడానికి కేకలు వేసే పెద్దవారిని చూసి పిల్లవాడు ఏమి నేర్చుకుంటాడు? అదే పిల్లవానికి తండ్రి ఆ పులి ఎందుకు నిద్రిస్తున్నదో, దాని అడవి ఎక్కడ ఉన్నదో చెబితే, ఆ ఒక్క మాట కొన్ని గ్రంథాల పెట్టు.

బోనులోని ప్రాణి తన స్వేచ్ఛను ఇచ్చి మానవుని సంరక్షణను పొందింది. ఈ వినిమయంలో దాని సమ్మతి ఎవరూ అడగలేదు. కనుక ఆ లావాదేవీ న్యాయమైనదా కాదా అన్నది ప్రతిదినమూ రుజువు కావలసిన విషయం. ఉదయం తూకంలో, మధ్యాహ్నం నీడలో, రాత్రి పాలకుడు దినచర్య పుస్తకంలో వ్రాసే రెండు పంక్తులలో అది రుజువవుతుంది. నూట ఇరవై ఏళ్లకు పైగా క్రిందట ఆలీపూర్‌లో సన్యాల్ ప్రారంభించిన ఆ పుస్తకంలో నేటి పుటను నింపవలసిన బాధ్యత జంతుశాలల ఉద్యోగులదీ, వాటిని చూడవచ్చే కోట్లాది ప్రజలదీ కూడా.